ఫామ్‌లో ఉన్న ప్రత్యర్థి ఎదురైతే: కట్టడి మేలా, దూకుడు మేలా?

వరుసగా దెబ్బలు తింటున్న ఫుట్‌బాల్ జట్టు ముందుకు మంచి ఊపు మీదున్న జట్టు వచ్చిందనుకోండి. అవతలి ప్రధాన ఆటగాడిని కట్టేయాలా, లేక మొత్తం జట్టును ముందుకు తోసి గోల్స్ కోసం ఆడాలా? నాకు ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా 1977లో కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్, 1978లో స్కాట్లాండ్ గుర్తొస్తాయి.

ముందు స్కాట్లాండ్ సంగతి. కోచ్ ఆలీ మక్‌లౌడ్ భారీ ఆశలు రేపి జట్టును అర్జెంటీనా ప్రపంచకప్‌కు తీసుకెళ్లాడు. తొలి మ్యాచ్ పెరూతో. జో జోర్డాన్ గోల్‌తో స్కాట్లాండే ముందంజ వేసింది. కానీ మిడ్‌ఫీల్డ్‌లో పెరూ ప్రధాన ఆటగాడు టియోఫిలో క్యుబిలాస్‌ను అంటిపెట్టుకుని ఉండే మనిషే లేడు. స్కోరు 1-1 దగ్గర స్కాట్లాండ్‌కు పెనాల్టీ దొరికినా గోల్ కాలేదు. ఆ తర్వాత క్యుబిలాస్ ఆరు నిమిషాల తేడాతో రెండు గోల్స్ కొట్టాడు. అందులో రెండోది, పాదం బయటి అంచుతో తిప్పిన ఫ్రీకిక్, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. 3-1తో ఓటమి. తర్వాత ఇరాన్‌తో 1-1 డ్రా.

ఇక మిగిలింది నెదర్లాండ్స్. 1974 ఫైనలిస్టులు, ఈసారి కూడా ఫైనల్‌కు వెళ్లిన జట్టు. స్కాట్లాండ్ ముందుకు సాగాలంటే మూడు గోల్స్ తేడాతో గెలవాలి. జూన్ 11న మెండోసాలో, అంతవరకు బయటే కూర్చున్న గ్రేమ్ సూనెస్‌ను దింపి ఎదురుదాడికి దిగారు. 68వ నిమిషంలో ఆర్చీ గెమ్మిల్ ముగ్గురిని తప్పించుకుంటూ వెళ్లి కొట్టిన గోల్‌తో స్కోరు 3-1 అయింది. ఇంకొక్కటి చాలు! కానీ మూడు నిమిషాల్లోనే నెదర్లాండ్స్ ఆటగాడు జానీ రెప్ దూరం నుంచి కొట్టిన షాట్ వలలో పడింది. 3-2తో గెలిచి కూడా, పాయింట్లు సమమైనా గోల్ తేడాలో వెనకబడి స్కాట్లాండ్ వాళ్లు ఇంటికి బయలుదేరారు.

కోల్‌కతా కథ వేరు. 1977లో మోహన్ బగాన్‌కు మొదట్లో ఏదీ కలిసిరాలేదు. తొలి ఫెడరేషన్ కప్ ఫైనల్లో బెంగళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) జట్టు చేతిలో ఓడింది, కోల్‌కతా లీగ్ టైటిల్ అదే నగరంలోని ప్రత్యర్థి క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు పోయింది. అలాంటి సమయంలో సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌కు న్యూయార్క్ కాస్మోస్ వచ్చింది. అమెరికా లీగ్ గెలిచి నెల కూడా కాలేదు. జట్టులో పీలే, కార్లోస్ ఆల్బెర్టో, కినాలియా. ఆ పేర్లు వింటేనే ఎవరికైనా టెన్షన్.

కోచ్ పీకే బెనర్జీ గౌతమ్ సర్కార్‌కు ఒక్క పనే అప్పగించాడు: పీలేను వదలొద్దు. గౌతమ్ అలాగే నీడలా వెంట తిరిగాడు. మైదానం వర్షానికి బురదగా ఉండటం కూడా కలిసొచ్చిందని ఒప్పుకోవాలి. అయినా ఇది గోల్ ముందు గోడ కట్టుకుని కూర్చున్న ఆట కాదు. కార్లోస్ ఆల్బెర్టో మొదటి గోల్ కొట్టిన కాసేపటికే శ్యామ్ థాపా సమం చేశాడు. తర్వాత మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ మోహన్ బగాన్‌ను 2-1 ఆధిక్యంలోకి తెచ్చాడు. అందరూ 'బడే మియా' అని పిలుచుకునే హబీబ్ అవతల ఎవరున్నారని చూసే మనిషి కాదు. గోల్‌కీపర్ శివాజీ బెనర్జీ పీలే కాళ్ల ముందుకే దూకి బంతి పట్టుకున్నాడు. చివరికి కినాలియా పెనాల్టీతో 2-2 అయింది.

నా ఓటు పీకే పద్ధతికే. ఒక్క మనిషిని కట్టడికి కేటాయిస్తే మిగతావాళ్లు ధైర్యంగా ముందుకు వెళ్లగలిగారు. స్కాట్లాండ్‌లో ప్రతిభకు కొదవ లేదు, గెమ్మిల్ గోలే సాక్ష్యం. కానీ పెరూ మీద క్యుబిలాస్ వెనక ఒకణ్ణి పెట్టి ఉంటే, నెదర్లాండ్స్ మీద మూడు గోల్స్ వెంట పరుగెత్తే అగత్యం వచ్చేది కాదేమో. ఆ రోజుకు మాత్రం దూకుడు తప్ప వాళ్లకు ఇంకో దారి లేదు, దానికి వాళ్లను తప్పుపట్టలేను.

కాస్మోస్‌తో డ్రా అయిన కొద్ది రోజులకే మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నీ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను 1-0తో ఓడించింది. గోల్ శ్యామ్ థాపాదే. ఆ సీజన్‌లోనే రోవర్స్ కప్, డ్యురాండ్ కప్ కూడా గెలుచుకుంది.