ఐగాట్ కర్మయోగి యాప్: గుంటూరు జూనియర్ అసిస్టెంట్ రివ్యూ

ప్రభుత్వ ఉద్యోగులకి ఆన్‌లైన్‌లో ట్రైనింగ్ ఇచ్చే ఐగాట్ కర్మయోగి యాప్ గురించి మన ఆఫీసుల్లో వినపడే ప్రశ్న ఒక్కటే, "ఎన్ని కోర్సులు అయ్యాయి?" అని. ఏం నేర్చుకున్నావని అడిగేవాళ్లు తక్కువ. అందుకే నాకు ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. కేంద్ర కేబినెట్ 2020 సెప్టెంబరు 2న ఆమోదించిన మిషన్ కర్మయోగి అనే ఉద్యోగుల శిక్షణ కార్యక్రమంలో భాగం ఇది. మొదట సుమారు 46 లక్షల మంది కేంద్ర ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని తెచ్చారు, ఇప్పుడు మన రాష్ట్ర ఉద్యోగులమూ వాడుతున్నాం. పైసా కట్టక్కర్లేదు. వీడియోలు చూసి, చివర్లో చిన్న పరీక్ష పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. ఇదివరకు ట్రైనింగ్ అంటే బాపట్ల వెళ్లాలి, సెక్షన్ నుంచి రిలీవ్ చేయాలి, చిన్నపిల్లలున్న ఆడవాళ్లైతే ఇంట్లో ఎవరినో ఒకరిని పెట్టుకోవాలి. ఇప్పుడు విజయవాడ నుంచి రోజూ రైల్లో వచ్చే మా సీనియర్ అసిస్టెంట్ మేడమ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మంగళగిరి దాటి గుంటూరులో దిగేలోపు ఒక పాఠం వినేస్తారు.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది సమాచార హక్కు చట్టం పాఠం. 30 రోజుల్లో జవాబివ్వాలన్నది అందరికీ తెలుసు. కానీ అడిగిన సమాచారం వేరే ఆఫీసుదైతే సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లోగా అక్కడికి బదిలీ చేసి, ఆ సంగతి అర్జీదారుకి కూడా తెలపాలి, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. "మా పరిధిలోది కాదు" అని రాసి వెనక్కి పంపేయడం చాలాచోట్ల అలవాటైపోయింది, అది తప్పు. ఇప్పుడు అలాంటి అర్జీ నా సీటుకి వస్తే బదిలీ లెటర్ తయారుచేసి ఆరోజే పై అధికారి సంతకానికి పెడుతున్నాను. ఎండలో ఇంకో ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పెద్దాయనకి ఒక తిరుగుడు తప్పుతుంది కదా.

లోపాలూ ఉన్నాయి. నోటింగ్, డ్రాఫ్టింగ్ (ఫైలు మీద నోట్ రాయడం, లెటర్లు తయారుచేయడం) నేర్పేది కేంద్ర సచివాలయం పద్ధతిలో. మన జిల్లా ఆఫీసుల్లో ఫైళ్లు, రిజిస్టర్లు నడిచేది టాటెన్‌హామ్ అనే వేరే పద్ధతిలో. వచ్చిన కాగితానికి వేసే కరెంట్ నంబరు, సీటులోని కాగితాలు రాసుకునే పర్సనల్ రిజిస్టర్, ఫైలు ముగిశాక ఎల్.డిస్ చేయాలా ఆర్.డిస్ చేయాలా (అంటే దాన్ని ఎంతకాలం దాచాలి), ఇవన్నీ పక్క సీటు వాళ్లని అడిగి తెలుసుకోవాల్సిందే, ఫైళ్లు కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీస్ వచ్చినా ఆ అవసరం పోలేదు. ఉద్యోగుల నడవడికకి సంబంధించిన కండక్ట్ రూల్స్ కూడా అంతే. కేంద్రానివీ 1964వే, మన రాష్ట్రానివీ 1964వే, కానీ అవి వేరు, ఇవి వేరు. ఆస్తి కొన్నప్పుడు ఎవరికి తెలపాలి, ఎవరి అనుమతి కావాలి అన్నది మన రూల్స్‌లోనే చూసుకోండి, కోర్సులో విన్నది పట్టుకుని సంతకం పెట్టొద్దు. పైగా ఎక్కువ కోర్సులు ఇంగ్లీషు, హిందీలోనే. వార్డు సచివాలయంలో జనంతో తెలుగులో మాట్లాడే ఉద్యోగికి తెలుగు పాఠమే కావాలి, ఈ విషయంలో నేను గట్టిగా అడుగుతాను.

ఇక ఈ యాప్‌లోనే మిగతా ఉద్యోగులతో పరిచయానికి, చర్చకి ఉన్న నెట్‌వర్క్, డిస్కషన్ భాగాలు. మనవాళ్లు వీటిని తెరవనే తెరవరు. డౌటొస్తే వాట్సాప్ గ్రూపులో పడేస్తాం, ఎవరో ఒక జీవో పీడీఎఫ్ పెడతారు, సాయంత్రానికి గుడ్ మార్నింగులూ పుట్టినరోజు శుభాకాంక్షలూ కింద అది కొట్టుకుపోతుంది, నెల తిరక్కుండా అదే డౌటు ఇంకొకరు అడుగుతారు. అదే ప్రశ్న ఇక్కడ అడిగితే జవాబు ఒకచోట నిలుస్తుంది, మన పోస్టులోనే వేరే జిల్లాలో పనిచేసేవాళ్లు పేరు, హోదాతో కనపడతారు. కారుణ్య నియామకం ఫైలు మొదటిసారి చూసే కొత్త కుర్రాడికి అలాంటి నలుగురు పరిచయమైతే ఎంత టెన్షన్ తగ్గుతుందో! కాకపోతే పది మంది వాడితేనే అది పనిచేస్తుంది.

కొత్తగా చేరినవాళ్లకి ఒక మాట. ప్రమోషన్ కోసం ఏపీపీఎస్సీ డిపార్ట్‌మెంటల్ టెస్టులు విడిగా రాయాల్సిందే, ఈ సర్టిఫికెట్లు వాటికి బదులు కావు. ప్రొఫైల్‌లో శాఖ, హోదా సరిగ్గా పెట్టుకోండి. వీడియో పెట్టి ఫోన్ పక్కన పడేయకుండా, మీ సీటులో ఈ వారం ఉన్న ఫైలుకి పనికొచ్చే కోర్సు ఒక్కటి చూసి మొదలుపెట్టండి. ఆడవాళ్లు పని చేసే చోట లైంగిక వేధింపుల నివారణ కోర్సు మాత్రం ఆఫీసు హెడ్డు కూడా చేసి తీరాలి. 2013 చట్టం ప్రకారం 10 మందో అంతకంటే ఎక్కువో పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, మీ ఆఫీసు కమిటీలో ఎవరున్నారో రేపే అడగండి.