చేత్తో రంగులేసిన కప్పు: రోజూ చాయ్ తాగిన తర్వాత నా మాట

పింగాణీ కప్పు మీద చేత్తో బొమ్మ వేసి ఇష్టమైన మనిషికి ఇవ్వాలనుకుంటే తప్పకుండా వేయండి. అయితే షోకేసులో పెట్టడానికి కాదు, రోజూ తాగడానికి వేయండి. ఏ రంగు కొనాలి, కప్పు మీద ఎక్కడ వేయాలి, ఎంత పల్చగా వేయాలి, ఓవెన్ కావాలా అక్కర్లేదా అన్నవన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదే తేలతాయి. పెళ్లిరోజుకు మా ఆయనకు వేసిచ్చిన కప్పు ఇప్పటికి రెండు ఎండాకాలాలు దాటింది. పొద్దున చాయ్ అందులోనే, ఆఫీసు నుంచి వచ్చాక చాయ్ అందులోనే. నేను చెప్పేదంతా ఆ కప్పునూ, దానితో పాటు వేసి వాడుకలో పెట్టిన మిగతా కప్పులనూ చూసి చెబుతున్నది.

కప్పు మీద మెరిసే పూత నిజానికి గాజు పొరే. గోడ సున్నాన్ని పీల్చుకున్నట్టు అది రంగును పీల్చుకోదు. పైన వేసిన రంగు దాన్ని అంటుకుని ఉండాలంతే. అందుకే కాగితం మీదో, గుడ్డ మీదో బాగా నిలిచే రంగు కప్పు మీద నిలుస్తుందన్న నమ్మకం లేదు. తెలుసుకుందామని ఒకే రకం తెల్ల కప్పులు తెచ్చి, ఒకదానికి మామూలు అక్రిలిక్, ఒకదానికి పర్మనెంట్ మార్కర్, ఒకదానికి పింగాణీ కోసమే చేసిన రంగు వేసి, మూడింటినీ వంటింట్లో వాడకానికి పెట్టాను.

వేసిన రోజు అన్నిటికంటే అందంగా ఉన్నది అక్రిలిక్ కప్పే. రంగు నిండుగా, గట్టిగా కనిపించింది. వేడినీళ్లూ సబ్బూ తగిలే కొద్దీ అంచుల దగ్గర లేవడం మొదలై, ఆ తర్వాత గోటితో లాగితే పొరలా ఊడొచ్చింది. పైన వార్నిష్ కొడితే ఆగుతుందని చాలామంది చెబుతారు. కొన్నాళ్లు ఆగుతుంది కూడా. కానీ మామూలు క్రాఫ్ట్ వార్నిష్ తినే తాగే గిన్నెల కోసం చేసింది కాదు, నోటికి దగ్గరగా ఉండే వస్తువు మీద అది నాకు వద్దు. ఆ కప్పు ఇప్పుడు మా బల్ల మీద పెన్నులు పెట్టుకోవడానికి పనికొస్తోంది. ఆ పనికైతే అక్రిలిక్ చక్కగా సరిపోతుంది.

మార్కర్‌తో గీసి ఓవెన్‌లో పెడితే చాలన్న చిట్కా ఇంటర్నెట్ నిండా ఉంది. గీయడం సులువు, చెయ్యి తిరగనివాళ్లకూ గీత కుదురుతుంది. కానీ నల్ల గీత వేడికే కాస్త వెలిసింది, తర్వాత కడిగినప్పుడల్లా ఇంకా పల్చబడింది. మనసులో మాట రాసి ఇచ్చిన కప్పు మీద అక్షరాలు ఒక్కొక్కటే మాసిపోతుంటే చూడటం కష్టం. ప్రేమగా ఇచ్చే వస్తువుకు మార్కర్ వద్దని గట్టిగా చెబుతాను.

నిలిచింది మూడోది. నేను వాడింది ఫ్రాన్స్‌కు చెందిన పెబియో కంపెనీ పోర్సలేన్ 150 రకం. నీళ్లతో పల్చబరుచుకునే రంగు, 45 మి.లీ. సీసా. అక్రిలిక్‌తో పోలిస్తే ఖరీదు బాగా ఎక్కువే, కానీ ఒక కప్పుకు పట్టేది కొన్ని చుక్కలే కాబట్టి సీసా ఏళ్ల తరబడి వస్తుంది. అదే రకంలో పెన్నులు కూడా దొరుకుతాయి, 0.7 మి.మీ. సన్న మొన ఒకటి, 1.2 మి.మీ. మొన ఒకటి. తెలుగులో రాయాలనుకునేవాళ్లు సన్న మొన పెన్ను కొనాల్సిందే. మన అక్షరాల గుండ్రటి వంపులకు గాజు మీద పెన్ను హాయిగా జారుతుంది. చిక్కల్లా ఒత్తులతోనే. కుంచెతో రాస్తే 'త్త', 'క్క' లాంటివి పూడుకుపోయి మచ్చల్లా కనిపిస్తాయి. అక్షరం కనీసం గోరంత పెద్దదిగా ఉంటే ఒత్తుకు చోటు దొరుకుతుంది.

పేరులోని 150 అనేది డిగ్రీల లెక్క. వేసిన తర్వాత 24 గంటలు ఆరబెట్టి, 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర 35 నిమిషాలు ఓవెన్‌లో ఉంచాలి. వానాకాలంలో హైదరాబాద్‌లో ఒక రోజు ఆరబెట్టినా రంగు వేలికి కాస్త జిగటగానే తగులుతుంది, అప్పుడు ఇంకో రోజు వదిలేస్తాను. తడి పూర్తిగా పోకుండా వేడిలో పెడితే పొక్కులు లేస్తాయి. కప్పును చల్లటి ఓవెన్‌లో పెట్టి అప్పుడు స్విచ్ వేయాలి. 150కి చేరాక 35 నిమిషాలు లెక్కపెట్టాలి. అయ్యాక తలుపు తీయకుండా లోపలే చల్లారనివ్వాలి. వేడి కప్పుకు ఒక్కసారిగా చల్లగాలి తగిలితే పగులు రావచ్చు.

మన ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీ, అంటే కరెంటుతో నడిచే టోస్టర్ ఓవెన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే రంగు బతకడం బతకకపోవడం దాని చేతిలోనే ఉంది. తిప్పే మీట మీద 150 అని ఉన్నా లోపల అంతే ఉంటుందని లేదు. వేడి ఎక్కువైతే తెలుపు పసుపుపచ్చగా మారుతుంది, లేత రంగులు గోధుమ రంగుకు తిరుగుతాయి. తక్కువైతే చూడటానికి బాగానే ఉంటుంది కానీ నాలుగు కడుగులకే గీతలు పడతాయి. లోపల పెట్టుకునే ఓవెన్ థర్మామీటర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఈ మొత్తం పనిలో రంగు తర్వాత అంత విలువైన ఖర్చు అదే. కప్పును పై రాడ్‌కు దగ్గరగా కాకుండా కింది అరలో, గోడలకు తగలకుండా నడిమధ్యలో పెట్టాలి. కన్వెక్షన్, అంటే వేడిగాలితో కాల్చే పద్ధతి, ఉన్న మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లోనే పని అవుతుంది, ఉత్త మైక్రోవేవ్ మోడ్‌లో కాదు. ఓవెన్‌లో ఉన్నంతసేపు కొద్దిగా వాసన వస్తుంది కాబట్టి వంటింటి కిటికీ తెరిచి ఉంచండి. అదే సమయంలో లోపల తినేది ఏదీ పెట్టకండి.

ఇక బొమ్మ. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కప్పు మీద గుండె గుర్తు, ఎర్ర గులాబీ వేస్తే అది ఎవరికైనా ఇవ్వగలిగే కప్పు అవుతుంది. మీ ఇద్దరికే తెలిసినది వేయండి. మా ఇద్దరికీ పరిచయమైంది హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో. బేగంపేటలో ఎక్కి హైటెక్ సిటీలో దిగేవాళ్లం. మధ్యలో నేచర్ క్యూర్ హాస్పిటల్, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ. ఆ దారినే కప్పు చుట్టూ చుక్కల వరసగా వేశాను, స్టేషన్లకు పెద్ద చుక్కలు, మధ్య దూరానికి చిన్న చుక్కలు. పిడికి ఒక పక్క బేగంపేట, చుట్టూ తిరిగి రెండో పక్క హైటెక్ సిటీ. బోరబండ దగ్గర ఒక తంగేడు కొమ్మ. అక్కడ తంగేడు ఎందుకుందో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. చూసిన బంధువులు ముగ్గు అనుకుంటారు, మేం సరిదిద్దం.

చుక్కలతో వేయడంలో ఇంకో లాభం కూడా ఉంది. గాజు మీద కుంచె లాగితే వెంట్రుకల చారలు పడతాయి, ఒక చోట మందంగా, ఒక చోట పల్చగా వస్తుంది. చుక్క పెడితే రంగు తనంతట తానే గుండ్రంగా సర్దుకుంటుంది. ఇయర్ బడ్ మొనతో పెద్దవి, గుండుసూది తలతో చిన్నవి పెట్టాను. ఇంటి ముందు ముగ్గు వేసిన చేతులకు ఎడం సమానంగా ఉంచడం ఎలాగూ అలవాటే. చుక్క పక్కకు జరిగితే తడి బడ్‌తో తుడిచేయొచ్చు, కాస్త ఆరితే పళ్లపుల్లతో గీకేయొచ్చు. ఓవెన్‌లోకి వెళ్లేదాకా ప్రతిదీ సరిచేసుకోవచ్చు. ఇంత నిమ్మళంగా చేసుకోగలిగే పని దొరకడం అరుదు. పసుపు మాత్రం ఒక పూతకు తేలిపోతుంది. తంగేడు పూలకు ఒకటి ఆరాక రెండో పల్చటి పూత వేశాను. ఒకేసారి మందంగా వేయడం కంటే అదే నయం.

మా ఆయనది ఎడమచేతి వాటం. ఇది ముఖ్యం. కుడిచేత్తో పట్టుకునేవాళ్లకు కప్పు ఒక ముఖం తమ వైపు ఉంటుంది, ఎడమచేత్తో పట్టుకునేవాళ్లకు రెండో ముఖం. కొనుక్కొచ్చిన చాలా కప్పుల మీద బొమ్మ ఒక వైపే ఉంటుంది, ఆయన తాగుతుంటే అది ఎదుటివాళ్లకే కనిపిస్తుంది. నేను వేసిన కప్పులో ఆయన పేరు, తంగేడు కొమ్మ ఆయన కళ్లకు ఎదురుగా వచ్చేటట్టు చూసుకున్నాను. ఖాళీ కప్పును ఆ మనిషి చేతికిచ్చి ఎలా పట్టుకుంటారో గమనించి, తర్వాత పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. డబ్బు పెట్టి కొన్న ఏ కప్పులోనూ ఈ శ్రద్ధ దొరకదు.

ఎక్కడ వేయకూడదో కూడా చెప్పాలి. లోపలివైపు అసలు వద్దు. పెదవి తగిలే పై అంచు నుంచి రెండు సెంటీమీటర్లు, సుమారు బొటనవేలి వెడల్పు, ఖాళీగా వదలండి. ఈ రంగులు అలంకరణకే, తిండికి నేరుగా తగలడానికి కాదు. వేసే ముందు కప్పును సబ్బుతో కడిగి ఆరబెట్టి, దూదిని స్పిరిట్‌లో ముంచి తుడవాలి. తర్వాత బొమ్మ వేసే చోట వేళ్లు పెట్టకూడదు. వేలి జిడ్డు ఉన్న చోట రంగు సరిగా పట్టదు.

ఇన్నాళ్ల వాడకం తర్వాత కప్పు ఎలా ఉందంటే, చుక్కల దారి చెక్కుచెదరలేదు. పసుపు మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పిడి పక్కన బొటనవేలు రోజూ రాసుకునే చోట అక్షరాలు కాస్త సన్నబడ్డాయి. స్టేషన్ల పెద్ద చుక్కల్లో కొంచెం ఉబ్బెత్తుగా వచ్చినవాటిలో ఒకటి రెండు, సింకు స్టీలు అంచుకు తగిలి చిట్లాయి. పల్చగా ఉన్న చుక్కల్లో ఒక్కటీ పోలేదు. ఉబ్బెత్తు చుక్కలు చూడటానికి బాగుంటాయి కానీ రోజూ వాడే కప్పుకు పల్చటివే మేలు. కింద అడుగున రాసిన తారీఖు మాత్రం బల్లకు రాసుకోకుండా లోపలి గుంతలో ఉంది కాబట్టి కొత్తగానే ఉంది. బయటికి చెప్పుకోలేని మాట ఏదైనా రాయాలంటే ఆ గుంతే మంచి చోటు.

కడగడం అంతా చేతితోనే. మెత్తటి స్పాంజి, సబ్బు ద్రవం చాలు. ఆకుపచ్చ గరుకు పీచు, స్టీలు పీచు రెండూ వద్దు. చాయ్ మరక లోపల పడితే వంటసోడా వేలితో రుద్దితే పోతుంది, రంగు వైపు దాని జోలికి వెళ్లక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు గట్టివి, ఆరిపోతే ముదురు నీలం మీద తెల్లటి మరకలు కనిపిస్తాయి. కడిగిన వెంటనే గుడ్డతో తుడిస్తే ఆ బాధ ఉండదు. మా ఇంట్లో పనిచేసే అక్కకు మొదట్లోనే చెప్పాను, ఈ ఒక్కటి నేనే కడుక్కుంటానని. "గింత భద్రమెందుకమ్మా గీ కప్పు?" అంది. నేనే వేశానని చెప్తే కాసేపు తిప్పి తిప్పి చూసి, వాళ్ల బిడ్డ పెళ్లికి అట్లాంటిదే వేసివ్వమంది. వేసిచ్చాను, వేప కొమ్మలతో.

కప్పు ఎంచుకోవడానికి బేగంబజార్ వెళ్లండి. గిన్నెల దుకాణాల మధ్య పింగాణీ సామాను దొరుకుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా పింగాణీ సామానుకు పేరున్న ఊరు, అక్కడి కప్పులు మనకు చవగ్గానే అందుతాయి. నిలువు గోడలు ఉన్న మామూలు 325 మి.లీ. కప్పు వేయడానికి సులువు. నడుము వంపు ఉన్నవాటిలో గీత తిన్నగా రాదు. పూతలో సూది రంధ్రాలు, అలల్లాంటి ఎత్తుపల్లాలు లేకుండా వెలుతురులో తిప్పి చూసుకోండి. వేలితో కొట్టి వినండి, చప్పుడు బొంగురుగా ఉంటే సన్న పగులు ఉండొచ్చు. బోన్ చైనా తెల్లగా, పల్చగా ఎంతో అందంగా ఉంటుంది కానీ అందులో పశువుల ఎముకల బూడిద కలుపుతారు. శాకాహారం పట్టింపు ఉన్నవాళ్లకు ఇస్తుంటే స్టోన్‌వేర్, అంటే గట్టిగా కాల్చిన మందపాటి మట్టి కప్పు, తీసుకోండి. నాకు ఎలాగూ మందపాటి కప్పే ఇష్టం, చాయ్ వేడి కాసేపు నిలుస్తుంది.

ఓవెన్ లేనివాళ్లకు నగరంలో కుండల స్టూడియోలు ఉన్నాయి. అక్కడ ఒకసారి కాల్చి, ఇంకా గాజు పూత వేయని కప్పు మీద మనం రంగులు వేస్తే, వాళ్లు పైన గాజు పూత పోసి 1000 డిగ్రీలకు పైబడ్డ కొలిమిలో కాలుస్తారు. రంగు గాజు కిందికి వెళ్లిపోతుంది కాబట్టి అది గీకినా పోదు. మన్నిక ఒక్కటే చూసుకుంటే అదే గొప్ప. కానీ అక్కడ గంటలు లెక్క, వాళ్ల రంగులే వాడాలి, కాల్చి ఇవ్వడానికి రోజులు పడుతుంది. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఒంటరిగా కూర్చుని, ఒక్కో స్టేషన్ పెట్టుకుంటూ పోయే తీరిక నాకు ఇంట్లోనే దొరికింది. ఫొటో అచ్చేసి ఇచ్చే కప్పులు జిరాక్స్ షాపుల్లో కూడా నిమిషాల్లో దొరుకుతాయి. పిల్లల పుట్టినరోజుకు అవి బాగానే ఉంటాయి. భర్తకో, భార్యకో ఇచ్చేదైతే నేను చేతిపనికే ఓటేస్తాను.

మొదటిసారి వేసేవాళ్లు రంగుల సెట్ మొత్తం కొనకండి. ముదురు నీలం, పసుపు, ఎరుపు చాలు, రాయడానికి నల్లటి సన్న మొన పెన్ను ఒకటి, థర్మామీటర్ ఒకటి. కప్పులు రెండు తెచ్చుకోండి, ఒకదాని మీద చుక్కలు, అక్షరాలు వేసి, కాల్చి, కడిగి చూసుకోవడానికి. ఇచ్చే రోజుకు వారం ముందే మొదలుపెట్టండి, వానాకాలమైతే ఇంకో రెండు రోజులు కలుపుకోండి.