ధవళేశ్వరం కండక్టర్ దొర కోసం: ఫిబిస్, ఫ్యామిలీసెర్చ్, యానాం రిజిస్టర్లు వాడి చూసిన అనుభవం

మా నాన్నమ్మ తన తాతకు తాతను ఎప్పుడూ ‘కెప్టెన్ దొర’ అనే అనేది. గోదావరి మీద ఆనకట్ట కట్టే రోజుల్లో ఆయన సీమ (విలాయతు) నుంచి వచ్చాడని, ఇక్కడి అమ్మాయిని పెళ్లాడి ఇక్కడే ఉండిపోయాడని, ఆ మాట ఎవరైనా నమ్మకపోతే మా మేనత్త ఇంట్లోని రేకు పెట్టె తెరిచి చూడమని చెప్పేది. ఆ పెట్టెలో ఉన్నది 1899 నాటి పెళ్లి సర్టిఫికెట్ ఒక్కటే. దానిని పట్టుకుని రెండేళ్లపాటు నేను వాడి చూసిన వెబ్‌సైట్లు, సేవలు ఎంతవరకు పనికొచ్చాయో, తమ కుటుంబాల్లో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలపు మూలపురుషుల కోసం వెతుకుతున్నవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే దారి అక్కడే మొదలవుతుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి రిజిస్టరులో వధూవరుల వయసు, వృత్తి, నివాసంతో పాటు ఇద్దరి తండ్రుల పేర్లు కూడా రాయాలి. అందువల్ల ఒక పెళ్లి దాఖలా దొరికితే వెనక తరం పేరు కూడా చేతికి వచ్చినట్టే. మా పెట్టెలోని సర్టిఫికెట్‌లో వరుడి తండ్రి పేరు దొరికింది. ఆ తండ్రి పెళ్లి దాఖలా 1870లలో దొరికింది. అందులో ఆయన వయసు 22 ఏళ్లని, తండ్రి ఫలానా అని ఉంది. ఆ ఫలానా వ్యక్తే మా కెప్టెన్ దొర. తల్లి పేరు రాయడానికి మాత్రం ఆ ఫారంలో గడియే లేదు.

ఇక సేవల విషయానికి వస్తే, నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది ఫిబిస్‌కు. ‘ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ’ అనే ఈ సంఘం 1998లో ఏర్పడింది. స్వచ్ఛంద కార్యకర్తలు రిజిస్టర్లు చదివి ఎక్కించిన పేర్ల సూచికలో ఎవరైనా డబ్బు కట్టకుండానే వెతకవచ్చు. దీనికి ఆధారమైనవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీస్ రికార్డులు. ఈ దేశంలోని చాప్లిన్లు (సర్కారు కొలువులోని పాదిరీలు) తాము ఇచ్చిన బాప్తిస్మాలకు, చేసిన పెళ్లిళ్లకు, భూస్థాపనలకు నకళ్లు రాసి ప్రెసిడెన్సీ కేంద్రానికి పంపేవారు. అక్కడి నుంచి అవి ఓడలో లండన్ చేరేవి. బెంగాల్‌కు ఎన్-1, మద్రాసుకు ఎన్-2, బొంబాయికి ఎన్-3 అని వరుసలు ఉన్నాయి. మన కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి కాబట్టి మనకు కావలసింది 1698 నుంచి మొదలయ్యే ఎన్-2 వరుస.

ఫిబిస్‌లో మొదటి వారం రోజులు నాకు ఏమీ దొరకలేదు, తప్పు నాదే. కాకినాడ, ఏలూరు, బందరు అని మనం పలికే తీరులో ఇంగ్లిషు అక్షరాలు కొట్టి వెతికాను. ఆ కాలపు గుమాస్తాకు కాకినాడ ‘కొకనాడా’, ఏలూరు ‘ఎల్లోర్’, బందరు ‘మసూలిపటం’, సామర్లకోట ‘శామల్‌కోటా’, భీమిలి ‘బిమ్లిపటం’. ఊరి పేరు వదిలేసి, ఇంటిపేరులోని మొదటి నాలుగు అక్షరాలు మాత్రం ఇచ్చి, 1845 నుంచి 1860 వరకు ఏళ్లు పెట్టి వెతికినప్పుడు రాజమండ్రిలో 1853లో జరిగిన పెళ్లి ఒక్క వరుసలో కనిపించింది. ఇంటిపేరులో ఒక అక్షరం తేడా. పక్కనే సంపుటం నంబరు, పుట నంబరు ఉన్నాయి. ఫిబిస్ నుంచి ఆశించవలసింది ఆ రెండు నంబర్లే. అసలు కాగితం ఎక్కడుందో అది చెబుతుంది, కాగితాన్ని మాత్రం చూపించదు.

ఫ్యామిలీసెర్చ్ గురించి తెలియనివారు తక్కువ. అమెరికాలోని మార్మన్ చర్చి నడిపే ఈ సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే చాలు, భారతదేశపు జననాలు, పెళ్లిళ్లు, మరణాల సూచికలు తెరుచుకుంటాయి. వెతికే పద్ధతి ఫిబిస్ కంటే సులువుగా ఉంటుంది; ఇంటిపేరు స్పెల్లింగ్ కాస్త తప్పినా దగ్గరి పేర్లు తెచ్చి పెడుతుంది. అయితే అందులోని చిత్రాలన్నీ ఇంటి నుంచి తెరుచుకోవు, కొన్నిటిని వారి కేంద్రాలకు వెళ్లే చూడాలి. ఎవరో కట్టిన వంశవృక్షాలను ఎవరైనా మార్చగలిగే ‘ఫ్యామిలీ ట్రీ’ భాగాన్ని మాత్రం నేను కాగితం కింద లెక్కవేయను.

ఎన్-2 పుటల చిత్రాలు కావాలంటే ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైట్‌లో చందా కట్టాలి. ఏడాది చందా అక్కరలేదు; ఫిబిస్‌లో దొరికిన నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, ఒక్క నెలకు కట్టి, ఆ నెలలోనే అన్ని పుటలూ దించుకోవడం మేలు. నేను అలాగే చేశాను, పెట్టిన డబ్బు దండగ కాలేదు. సూచికలో ఒక్క వరుసగా ఉన్న ఆ పెళ్లి, చిత్రంలో చూస్తే సగం పుట ఉంది. వరుడు సార్జెంట్, మరామతు (ప్రజాపనుల) శాఖలో పని, ఊరు ధవళేశ్వరం. వధువు పేరు ఒకే ఒక్క క్రైస్తవ నామం, ఇంటిపేరు లేదు. వరుడి చేవ్రాలు ఉన్నచోట అక్షరాలు కాస్త వణికాయి. వధువు చేవ్రాలు ఉండవలసిన చోట ఇంటూ గుర్తు, దానికి అటూ ఇటూ ‘ఈమె గుర్తు’ అని ఇంకెవరో రాసిన మాటలు. అసలు పుట మీద ఆమె స్వయంగా గీసిన గీతకు గుమాస్తా గీసిన నకలు ఇది. అయినా ఆ రాత్రి ఆ ఇంటూ గుర్తును తెర మీద పెద్దది చేసి ఎంతసేపు చూశానో చెప్పలేను.

కెప్టెన్ హోదా సంగతి ఇరవై ఏళ్ల తరువాతి భూస్థాపన దాఖలాతో తేలిపోయింది. వృత్తి గడిలో ‘కండక్టర్’ అని ఉంది. మా తమ్ముడు ఆర్టీసీలో పనిచేస్తాడు కాబట్టి ఇంట్లో నవ్వులు పూశాయి. నిజానికి కుంపిణీ సైన్యంలో కండక్టర్ అంటే టికెట్లు ఇచ్చేవాడు కాదు. సార్జెంటుకు పైన, కమిషన్ అధికారికి కింద ఉండే వారెంటు హోదా. ఆయుధశాలల్లో, సరఫరా శాఖలో, మరామతు పనుల్లో ఇలాంటివారు ఉండేవారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట దగ్గర, ఆ తరువాత కాలువల మీద, ఆర్థర్ కాటన్ వంటి ఇంజనీర్ల కింద కూలీలను, సున్నాన్ని, రాతిని లెక్క చూసింది ఇటువంటి సార్జెంట్లూ కండక్టర్లే. భూస్థాపన పట్టీలో మరణకారణానికి కూడా ఒక గడి ఉంటుంది. ఆయనకు ‘జ్వరం’ అని రాశారు, ఆ పుటలో సగం మందికి ‘కలరా’ అని రాశారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇదంతా నేనే వెతకడానికి ముందు, వంశవృక్షం తయారుచేసి ఇస్తామన్న ఒక ఏజెన్సీకి రూ.18,000 కట్టాను. నెల తిరగకుండానే రంగుల అట్టతో, కుటుంబ చిహ్నంతో సహా ఒక పుస్తకం వచ్చింది. అందులో మా మూలపురుషుడు నిజంగానే కెప్టెన్. అదే పేరున్న వేరే అధికారిని తెచ్చి మా కెప్టెన్ దొరగా అతికించారని, ఆ అధికారి 1853 పెళ్లికి నాలుగేళ్ల ముందే మద్రాసులో చనిపోయాడని నాకు ఫిబిస్‌లో పది నిమిషాల్లో తెలిసింది. ఏ సేవకైనా డబ్బు కట్టేముందు, ప్రతి తరానికీ సంపుటం, పుట నంబర్లు ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వలేమన్నవారితో పని పెట్టుకోవద్దు.

ఎన్-2లో నన్ను వేధించిన లోటు పిల్లల బాప్తిస్మాలు. పెళ్లి దొరికింది, తండ్రి మరణం దొరికింది, ఐదుగురు పిల్లల్లో ఒక్కరి పేరూ లేదు. కారణం ఆలోచిస్తే తేలికగానే దొరికింది. లండన్ వెళ్లిన నకళ్లలో ఆంగ్లికన్ చాప్లిన్లవి నిండుగా ఉంటాయి, కతోలిక గురువులవి అరకొరగా ఉంటాయి. చాప్లిన్ చేతి మీద పెళ్లి చేసుకున్న ఐరిష్ సైనికుడు పిల్లలను తన మతగురువు దగ్గరకు తీసుకువెళ్లడం ఆ రోజుల్లో వింత కాదు. కుంపిణీ సైనికులు ఓడ ఎక్కిన పట్టీల్లో మా వాడి పుట్టిన జిల్లా కార్క్ అని ఉంది. ఐర్లండ్‌లో అందరి జననాలూ ప్రభుత్వ రిజిస్టరుకు ఎక్కడం 1864లోనే మొదలైంది, ఆంగ్లికన్ చర్చి రిజిస్టర్లు చాలావరకు 1922లో డబ్లిన్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. కతోలిక రిజిస్టర్లు మాత్రం మిగిలాయి. అక్కడి జాతీయ గ్రంథాలయం 2015 నుంచి వాటి చిత్రాలను ఉచితంగా చూపిస్తోంది. అయితే ఒక్క జిల్లాలో అదే పేరున్నవాళ్లు డజన్ల కొద్దీ కనబడ్డారు, విచారణ (చర్చి పారిష్) పేరు తెలియనిదే ఎవరు మనవాడో చెప్పడం కుదరదు. అక్కడ ఆగిపోయాను.

ఆ తరువాత పని ఇంటర్నెట్‌లో జరగలేదు. గోదావరి జిల్లాలోని ఒక పాత కతోలిక విచారణలో మొదటిసారి ఫాదర్‌గారు లేరన్నారు, రెండోసారి బీరువా తాళం లేదన్నారు, మూడోసారి రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టారు. చెదలు తిన్న అంచులు, లాటిన్‌లో రాత. 1846 నుంచి విశాఖ కేంద్రంగా పనిచేసిన, ఫ్రెంచి మాట్లాడే గురువుల సంప్రదాయంలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) దాఖలాకు తల్లిదండ్రులిద్దరి పేర్లు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు తప్పనిసరి. మా నాన్నమ్మ తాతకు తండ్రి జ్ఞానస్నానం పొందిన రోజు దాఖలాలో తల్లి పేరు మరియ, ఆమె ఊరు ఇంజరం. ఫొటో తీసుకోనివ్వలేదు, చేత్తో రాసుకొమ్మన్నారు, రాసుకున్నాను. ఇక్కడికి వెళ్లేవారు పెన్సిలు, భూతద్దం, ఓపిక తీసుకెళ్లాలి. కానుక పెట్టెలో తోచినంత వేస్తే చాలు.

కుంపిణీ బట్టల కొఠీ నడిచిన ఇంజరం, ఆనాటి ఫ్రెంచి పాలిత యానానికి పక్క ఊరే. ఆ ఒక్క మాట వల్ల నేను ఇంతవరకు తలవని నాలుగో సేవ దగ్గరకు వెళ్లాను. ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ పట్టణంలోని సముద్రాంతర జాతీయ అభిలేఖాగారం (పాత ప్రభుత్వ రికార్డుల భాండాగారం, ANOM), పాండిచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనాగూరులతో పాటు యానాం పౌర రిజిస్టర్ల చిత్రాలను కూడా ఆన్‌లైన్‌లో ఉంచింది. ఖాతా అక్కరలేదు, చందా లేదు. ఊరు ఎంచుకుని, ఏడాది ఎంచుకుంటే సంపుటం తెరుచుకుంటుంది. మనవాళ్లలో ఈ సైట్ గురించి తెలిసినవారు నాకింతవరకు తగల్లేదు. కోనసీమ, కాకినాడ వైపు మూలాలున్న క్రైస్తవ కుటుంబాలవారు దీనిని తప్పక చూడాలి. ఫ్రెంచి పౌరస్మృతి ప్రకారం జనన దాఖలాలో తల్లి పేరు, పెళ్లి దాఖలాలో ఇరువైపుల తల్లిదండ్రుల పేర్లు రాయక తప్పదు. ఇంగ్లిషు ఫారంలో గడి కూడా లేని మనిషికి ఇక్కడ పూర్తి వాక్యం ఉంటుంది.

ఇబ్బందులూ తక్కువేమీ కాదు. పేరు కొట్టి వెతికే వీలు లేదు, ఒక్కొక్క పుటా తిప్పుకుంటూ పోవాలి. కొన్ని సంపుటాల చివర పేర్ల పట్టీ ఉంటుంది, మొదట అది చూడటం మంచిది. తేదీలను అంకెల్లో కాక అక్షరాల్లో రాస్తారు కాబట్టి ఫ్రెంచి అంకెలు వందదాకా నేర్చుకోవడం తప్పదు; తెలుగు పేర్లను ఫ్రెంచి చెవితో విని రాశారు కాబట్టి ప్రతి పేరునూ పైకి చదువుకుంటే తప్ప అది మనకు తెలిసిన పేరేనని బోధపడదు. సెల్‌ఫోన్‌లో ఆ పుటలు చదవడం కళ్లకు శిక్ష, పెద్ద తెర కావాలి.

ప్రస్తుతం 1830ల యానాం పుటలు తిప్పుతున్నాను. మరియ అనే పేరు మీద ఇప్పటికి పదకొండు దాఖలాలు రాసుకున్నాను, వాటిలో మూడింటి పక్కన ఇంజరం అని ఉంది.