ఆటోనగర్ షెడ్డులో నా థార్‌కి కంట్రోల్ ఆర్మ్స్ పని

చింతపల్లి దగ్గర మాకు కాఫీ తోట ఉంది. నెలకు రెండుసార్లు గాజువాక నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాటు ఎక్కి వెళ్తాను. తోట దారిలో బండి అడుగు రాళ్లకు తగులుతోందని పోయినేడు థార్‌ని ఒకచోట 2 అంగుళాలు లేపించాను. అప్పటి నుంచి మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు. హైవే మీద 80 దాటితే బండి పక్కలకు లాగేది. ముందు టైర్లు ఒక అంచునే అరిగిపోయాయి. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా అంతే. ఘాటులో ఇంట్లోవాళ్లు పక్కన ఉంటే చాలా టెన్షన్‌గా ఉండేది.

ఆటోనగర్‌లో ఈ చిన్న షెడ్డు మేస్త్రి కిందకి దూరి చూసి, "బండి లేచింది, పై ఆర్మ్ మాత్రం పాతదే బాబూ. క్యాస్టర్ పోయింది" అన్నారు. పై ఆర్మ్ అంటే ముందు చక్రాన్ని చాసిస్‌కి కలిపే పై కంట్రోల్ ఆర్మ్. క్యాస్టర్ అంటే చక్రం మలుపు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, స్టీరింగ్‌ని వెనక్కి తెచ్చేది అదే. అడ్జస్టబుల్ అప్పర్ ఆర్మ్స్ నేనే తెప్పించుకున్నాను. బిగింపు, సెట్టింగ్ ఆయనవి.

ఆయన పనిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌ల బోల్టులు బండి జాకీ మీద ఉండగా బిగించలేదు. చక్రాలు నేల మీద ఆనాక, నేను మామూలుగా తీసుకెళ్లే సామాను వెనక పెట్టించి, అప్పుడు బిగించారు. "గాల్లో బిగిస్తే బుష్షు ఎప్పుడూ మెలిపడే ఉంటాది, తొందరగా చిరిగిపోద్ది" అన్నారు. తర్వాత అలైన్‌మెంట్ మెషీన్ మీద చూస్తూ, రెండు కాళ్లుండే ఆ ఆర్మ్‌లో ముందు కాలు కొంచెం పొడవు చేసి, వెనక కాలు తగ్గించారు. దాంతో ఆర్మ్ చక్రం వైపు కలిసే పై బాల్ జాయింట్ వెనక్కి జరిగి క్యాస్టర్ 1.4 నుంచి 3.1 డిగ్రీలకు వచ్చింది. టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, చివర్లో సరిచేశారు. లాక్ నట్లు కదిలితే తెలిసేలా వాటి మీద తెల్ల పెయింట్‌తో గీతలు పెట్టి, 500 కిలోమీటర్లకు రమ్మన్నారు.

ఒక్కరోజు పని అని చెప్పి రెండు రోజులు చేశారు. కూర్చోవడానికి చోటు లేదు, ఎండలో నిలబడాలి. లేబర్ 4,500 తీసుకున్నారు. నాకైతే ఎక్కువనిపించలేదు.

మొన్న ఘాటులో ప్రతి మలుపు తర్వాతా స్టీరింగ్ చేతుల్లోంచి జారుతూ తనే తిన్నగా వచ్చింది. తిరిగొచ్చి చూపిస్తే ఎడమవైపు ఒక గీత చిన్నగా కదిలింది. పైసా తీసుకోకుండా మళ్లీ బిగించి, కొత్త గీత పెట్టి పంపారు.