మూడు పౌండ్ల ఓటు: లేబర్ పార్టీ ఆఫర్‌కు నా రేటింగ్ 5కి 2.5

2015 మే సార్వత్రిక ఎన్నికల్లో ఓడిపోయి లీడర్ ఎడ్ మిలిబాండ్ రాజీనామా చేశాక బ్రిటన్ లేబర్ పార్టీ ఓ సర్వీసు అమ్మకానికి పెట్టింది. 3 పౌండ్లు కట్టి, పార్టీ విలువలు మాకిష్టమే అని ఒప్పుకుంటే చాలు, మెంబర్ కాకపోయినా కొత్త లీడర్‌ని ఎన్నుకోవచ్చు. కాఫీ డబ్బులకి ఓటు!

జనం ఎగబడ్డారు, ఆ విషయంలో ఫుల్ మార్కులు. లక్షకు పైగా ఇలా ఓటేస్తే అందులో 83.8 శాతం పార్టీలోని వామపక్ష ఎంపీ జెరెమీ కార్బిన్‌కే పడ్డాయి, మొత్తమ్మీద ఆయనకు 59.5 శాతం. అసలు కామెడీ ఏంటంటే, పోటీకి దిగాలంటే 35 మంది పార్టీ ఎంపీల సంతకాలు కావాలి, కార్బిన్‌కు వచ్చినవి 36, అందులోనూ కొందరు "ఆయన గెలిచేదుందా ఏంటి, చర్చ బాగుంటుంది" అని పెట్టినవే. పెళ్లికి పిలిచి పీటల మీద కూర్చోబెట్టినట్టు అయింది వాళ్ల పని.

మైనస్ అంతా డెలివరీ తర్వాతే. లీడర్‌తో రోజూ పనిచేయాల్సింది ఎంపీలు, ఏడాది తిరిగేసరికి 172 మంది అవిశ్వాసం అన్నారు, 40 మందే వెనక నిలబడ్డారు. మళ్లీ ఎన్నిక పెట్టి రేటు 25 పౌండ్లు చేశారు, చేరడానికి గడువేమో రెండే రోజులు (ఇది మాత్రం పచ్చి దోపిడీ). అయినా ఆయనే, 61.8 శాతంతో.

నన్నడిగితే బయటివాళ్లకి ఓటివ్వడం తప్పు కాదు, కానీ నిన్న చేరినవాడికీ, ఇరవై ఏళ్లు కరపత్రాలు పంచినవాడికీ ఒకే లైనా? ఓటేయాలంటే కనీసం ఆరు నెలల ముందే చేరి ఉండాలని పెట్టాల్సింది. 2021లో ఆ స్కీమే ఎత్తేశారు.