జాగ్రత్త: ఇనప పని కొటేషన్ చదరపు అడుగుల్లో ఇస్తే సంతకం పెట్టకండి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఫ్లాటుకో చిన్న ఆఫీసుకో 'ఇండస్ట్రియల్ లుక్' చేయించుకుంటున్న మనవాళ్లు ఇది చదివి అడ్వాన్సు ఇవ్వండి. నల్ల ఇనప ఫ్రేములు, గాజు పార్టిషన్, పైపుల అరలు అన్నిటికీ కలిపి కొటేషన్‌లో ఒక్కటే వరుస ఉంటుంది: 'ఎంఎస్ ఫ్రేమ్ విత్ పౌడర్ కోటింగ్, చదరపు అడుగుకు ఇంత'. ఎంఎస్ అంటే మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము; పౌడర్ కోటింగ్ అంటే రంగు పొడిని ఓవెన్‌లో కాల్చి పట్టించే పూత. ట్యూబు మందం రాయరు, బరువు రాయరు. బేరం తెగేది రేటు దగ్గర, మునిగేది ఆ రాయని చోట.

8 అడుగుల ఎత్తు, 7 అడుగుల వెడల్పున్న గళ్ల పార్టిషన్ తీసుకోండి. నిలువు ఐదు, అడ్డం ఐదు, మొత్తం 75 అడుగుల ట్యూబు. 40×40 ఎంఎం చదరపు ట్యూబు 2 ఎంఎం మందంలో వేస్తే సుమారు 53 కిలోలు తూగాలి. అదే 1.2 ఎంఎంలో వేస్తే 33 దగ్గర ఆగిపోతుంది. చదరపు అడుగుల లెక్కలో రెండూ 56 అడుగులే, మీరు కట్టేదీ ఒకటే. 20 కిలోల ఇనుము మిగిలింది ఎవరికో చెప్పక్కర్లేదు. రంగు పడి, ట్యూబు చివర్లు మూసేశాక మందం కంటితో పోల్చుకోవడం పనివాళ్లకే కష్టం.

గేజ్ మాట నమ్మకండి. '16 కాదు సార్, మీకు 18 గేజ్ వేస్తున్నాం' అని ఏదో ఎక్కువ ఇస్తున్నట్టు చెబుతారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. 14 గేజ్ అంటే దాదాపు 2 ఎంఎం, 16 అంటే 1.6, 18 అంటే 1.2. కాగితం మీద ఎంఎంలోనే రాయించుకోండి.

పలచన ట్యూబు వెంటనే విరిగిపడదు, అందుకే దొరకరు. తేడా తెలిసేది మరలు (స్క్రూలు, బోల్టులు) బిగించే చోట. ఎం6 బోల్టుకు ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య 1 ఎంఎం ఉంటుంది. 1.2 ఎంఎం రేకులో అది పట్టుకునేది ఒక్క చుట్టే. టీవీ బ్రాకెట్ రెండుసార్లు విప్పి బిగిస్తే మర లూజు. అలాంటి చోట రివెట్ నట్ (రేకు చిల్లులో బిగించే, లోపల మర ఉన్న నట్) వెయ్యాలి, అడక్కపోతే వెయ్యరు. పైగా చెయ్యి తిరగని వెల్డరైతే పలచన రేకుకు చిల్లు పడుతుంది, ఆ చిల్లును లప్పం పెట్టి గీకి నున్నగా చేసేస్తారు.

రెండో మోసం పౌడర్ కోటింగ్ పేరు చెప్పి మామూలు పెయింటు కొట్టడం, అది బయటపడేది ఈ లప్పం దగ్గరే. పౌడర్ కోటింగ్‌లో పొడి విద్యుత్ చార్జితో ఇనుముకు అంటుకుంటుంది, తర్వాత 180-200 డిగ్రీల ఓవెన్‌లో పది, పదిహేను నిమిషాలు కాలి గట్టిపడుతుంది. మామూలు లప్పానికి పొడి సరిగా అంటదు, ఆ వేడికి అది పగులుతుంది కూడా. కాబట్టి ట్యూబులు అతికిన కీళ్ల నిండా లప్పం కనిపిస్తే, దాని మీద పడేది పౌడర్ కాదు, స్ప్రే గన్‌తో కొట్టే మ్యాట్ బ్లాక్ పెయింటు అనుకోండి. కీలు మీద చిన్న అయస్కాంతం ఆనించండి. లప్పం మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది.

వచ్చిన సరుకుకు ఇంకో పరీక్ష: దూదిని ఎన్‌సీ థిన్నర్‌లో (పెయింటు షాపులో దొరికే, పెయింటును కరిగించే ద్రవం) ముంచి, కనపడని మూల పదిసార్లు గట్టిగా రుద్దండి. నల్లగా చిక్కటి మరక దిగి కింద ఇనుము బయటపడితే అది మామూలు పెయింటు. బాగా కాలిన పౌడర్ కోటింగ్ మెరుపు కొంచెం తగ్గవచ్చు గానీ అలా ఊడి రాదు.

కోటింగ్ నిజమో కాదో సైజు కూడా చెబుతుంది. 8×7 ఫ్రేము మీ లిఫ్టులో పట్టదు. ముక్కలుగా కోటింగ్ చేయించి, ఇంట్లో బోల్టులతో కలపాలి. అలా కాకుండా వెల్డింగ్ మెషీన్ ఇంట్లోకి తెచ్చారంటే, కోటింగ్ ఉన్నా కీలు దగ్గర కాలిపోతుంది, దాని మీద డబ్బా స్ప్రే కొడతారు. బాల్కనీలో అయితే ఒక్క వానాకాలానికే ఆ కీళ్ల నుంచి ఎర్రటి చారలు దిగుతాయి. బాల్కనీకి ప్యూర్ పాలిస్టర్ పౌడర్ అని ప్రత్యేకంగా రాయించండి. ఎపాక్సీ కలిసినది ఎండకు సుద్దలా రాలుతుంది.

చేయాల్సినవి కొన్నే, కాస్త ఓపికతో. రేటు కిలోకు మాట్లాడండి. రంగుకు ముందు, పచ్చి ఇనుముగా ఉన్నప్పుడే వర్క్‌షాపుకు వెళ్లండి. వెర్నియర్‌తో (మందం కొలిచే సాధనం) ట్యూబు మొన కొలవండి, ఫ్రేము కాటా పెట్టించి చీటీ తీసుకోండి. 20 అడుగుల పూర్తి ట్యూబు, 40×40×2, 14 కిలోలకు కాస్త అటూ ఇటూ ఉండాలి. తొమ్మిదిలోపు తూగితే అక్కడే ఆపేయండి. రెండో విడత డబ్బు ఆ చీటీ చేతికొచ్చాకే. కోటింగ్ పీణ్యా పారిశ్రామిక వాడలో చేయించామంటే ఆ యూనిట్ బిల్లు చూపించమనండి. చూపించడానికి నసిగారంటే థిన్నర్ సీసా దగ్గర పెట్టుకోండి.

ఇనుము సంగతి ఇది. కాంక్రీట్ ఫినిష్ గోడల్లో, మైక్రోసిమెంట్ (గోడకు పలచగా పూసే సిమెంటు పూత) రేటు తీసుకుని టెక్స్చర్ పెయింట్ పూసేవాళ్లున్నారు. బ్రాండు డబ్బాలు సీలుతో మీ ముందే తెరవమనండి. నిజమైనదే అయినా పాత పుట్టీ గీకకుండా దాని మీదే వేస్తే పెచ్చులుగా లేస్తుంది. 'ప్లాస్టరింగ్ కొట్టేసి లోపలి ఇటుక చూపిస్తాం' అనే మాట మాత్రం అసలు వినకండి. ఇక్కడి కొత్త అపార్ట్‌మెంట్లలో గోడల్లో ఉండేది చాలావరకు సిమెంటు బ్లాకులు, లేదంటే ఏఏసీ అనే తేలికపాటి బ్లాకులు. మివాన్ కట్టడమైతే (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టే పద్ధతి) గోడే కాంక్రీటు, బిల్డింగు బరువు మోసేది అదే. దాని మీద సుత్తి పడనివ్వకండి.