వైజాగ్‌లో రోజూ తిరిగే చిన్న బండి: పాత కార్బొరేటరుది ఉంచుకోవాలా, ఎఫ్‌ఐ కొనాలా?

మొన్న వానలు తగ్గాక బండి సర్వీసింగుకి తీసుకెళ్తే మా మెకానిక్ ఇంజిన్ స్టార్ట్ చేసి చూడలేదు. ముందుగా సీటు ఊడదీశాడు. ఫ్రేము పైపు మీద స్క్రూడ్రైవరు పిడితో నాలుగు చోట్ల కొట్టాడు. మూడు చోట్ల ఖంగుమంది. నాలుగో చోట, స్టాండు అతుకు దగ్గర, మెత్తటి చప్పుడు వచ్చి గోధుమరంగు పెచ్చులు రాలాయి. "ఇంజినుకి ఏటీ అవలేదు బాబూ, ఎముకలు చూసుకోవాల" అన్నాడు.

నాది 2012లో కొన్న 100 సీసీ కార్బొరేటరు బండి, ఏపీ 31 నంబరు. ఉండేది పెదవాల్తేరులో, సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. తమ్ముడిది 2022లో కొన్న ఎఫ్‌ఐ, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, ఏపీ 39. వాడు కూర్మన్నపాలెం నుంచి రోజూ మధురవాడ ఉద్యోగానికి వెళ్తాడు. రెండు బళ్ళ మంచిచెడ్డలూ నేనే చూస్తాను. "పాతది అమ్మేసి నువ్వూ ఎఫ్‌ఐ తీసుకో అన్నయ్యా" అని వాడు ఏడాదిగా అంటున్నాడు. అమ్మాలా వద్దా అని రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఎలక్ట్రిక్ స్కూటర్‌ను ఈ పోలికలోకి తేలేదు. మా అపార్ట్‌మెంటు సెల్లారులో చార్జింగ్ పాయింటు లేదు.

ముందు మైలేజీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే షోరూములో మొదట చెప్పేది అదే. తమ్ముడు రోజుకు అరవై కిలోమీటర్లు తిరుగుతాడు, నెలకు 1500 అనుకోండి. లీటరుకు 60 ఇచ్చే బండికి 25 లీటర్లు, 50 ఇచ్చే పాత బండికి 30 లీటర్లు. లీటరు 108 రూపాయల లెక్కన నెలకు తేడా 540. ఏడాదికి ఆరున్నర వేలు. నేను పెదవాల్తేరు నుంచి ద్వారకానగర్ వెళ్ళి వస్తాను, నెలకు 250 కిలోమీటర్లు. నాకు వచ్చే తేడా లీటరు కూడా లేదు, తొంభై రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కానీ, ఆన్‌రోడ్ ధర ఇంకా లక్షకు దగ్గర దగ్గరే. మైలేజీ మీదే ఆ లక్ష తిరిగి రావాలంటే తమ్ముడికే పదిహేనేళ్ళు పడుతుంది. నాకైతే బండి జీవితమే చాలదు. కాబట్టి పాత బండి బాగున్నవాళ్ళు మైలేజీ కోసం కొత్తది కొనకండి. ప్లగ్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ చూసి, టైర్లలో గాలి సరిగ్గా పెట్టిస్తే ఆ పది కిలోమీటర్ల తేడాలో సగం అక్కడే దొరుకుతుంది.

అసలు తేడా పెట్రోలు ఇంజిన్లోకి వెళ్ళే దారిలో ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యం తగ్గించే బీఎస్6 నిబంధనలు వచ్చాక చిన్న బళ్ళలో కూడా దాదాపు అన్నీ ఎఫ్‌ఐ అయ్యాయి. పాత బండిలో పెట్రోలు ట్యాంకు నుంచి దానంతట అది కిందికి దిగి, కార్బొరేటరు గిన్నెలో నిలబడి, గాలి లాగినంత జెట్ అనే సన్నటి రంధ్రంలోంచి పోతుంది. కరెంటుతో పని లేదు. ఎఫ్‌ఐలో ట్యాంకులోని పంపు ప్రెషరుతో పెట్రోలు నెడుతుంది, సెన్సర్లు చెప్పే లెక్కను బట్టి ఈసీయూ అనే చిన్న పెట్టె ఇంజెక్టరును తెరిచి మూస్తుంది. ఈ లెక్క తెలివైనది. అరకు ఘాటు ఎక్కేటప్పుడు పైన గాలి పలచబడితే పెట్రోలు తనే తగ్గిస్తుంది. అనంతగిరి దాటాక నా బండి కాస్త బరువుగా లాగుతుంది, తమ్ముడి బండికి ఆ ఇబ్బంది లేదు. పొద్దున్నే చోక్ లాగే పని లేదు, ట్యూనింగ్ గొడవ లేదు.

పెట్రోలులో ఇథనాల్ కలిపాక ఈ తేడా ఇంకా పెరిగింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ ఉన్న ఇ20. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వైజాగ్‌లో తేమకు కొదవ లేదు. నేను పది రోజులు ఊరెళ్ళి వస్తే కార్బొరేటరు గిన్నె అడుగున నీటి బొట్లు, తెల్లటి పొడి కనిపిస్తున్నాయి. పాత రబ్బరు వాషర్లు ఉబ్బి పెట్రోలు కారడం కూడా ఒకసారి చూశాను. ఇప్పుడు ఊరెళ్ళే ముందు పెట్రోల్ కాక్ కట్టేసి, గిన్నె ఖాళీ అయ్యి ఇంజిన్ దానంతట ఆగేదాకా ఉంచుతాను. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్ళలో ఇ20కి తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ వాడుతున్నారు. కొత్త బండికి నేను మనస్ఫూర్తిగా ఇచ్చే మార్కు ఇది.

కానీ ఒక రాత్రి తొమ్మిదింటికి హనుమంతవాక దగ్గర నుంచి తమ్ముడి ఫోన్. బండి ఆగింది, సెల్ఫ్ తీసుకోవడం లేదు, కిక్ కొట్టీ కొట్టీ కాలు నొప్పి పుట్టింది. "తాళం తిప్పినప్పుడు ట్యాంకులో జుయ్ మని వినిపిస్తోందా?" అని అడిగాను. ఎఫ్‌ఐ బండికి తాళం పెట్టగానే పంపు రెండు మూడు సెకన్లు అలా మోగాలి. ట్రాఫిక్ హోరులో చెవి ట్యాంకుకి ఆనించి విన్నాడు. "ఏమీ లేదన్నయ్యా." పంపు తిరగకపోతే ఎంత కిక్ కొట్టినా లాభం లేదు. వెళ్ళి చూస్తే బ్యాటరీ టెర్మినల్ మీద పచ్చటి చిలుము పట్టి, నట్టు వదులై ఉంది. చాకుతో గీకి, బిగించి, తాళం తిప్పితే జుయ్ మంది. ఐదు నిమిషాల పని, కానీ అది తెలియక బండి ఆటోలో వేసుకెళ్ళేవాళ్ళే ఎక్కువ. నా పాత బండి బ్యాటరీ పూర్తిగా చచ్చినా కిక్‌తో నడుస్తుంది. ఒకసారి పదిహేను రోజులు అలాగే తిరిగాను.

ఎఫ్‌ఐ తీసుకున్నవాళ్ళు మార్చుకోవలసిన అలవాటు ఇంకొకటి ఉంది. పాత బళ్ళలో పెట్రోలు అయిపోతే ఎడమ చెయ్యి కిందికి పోనిచ్చి కాక్ రిజర్వుకి తిప్పేవాళ్ళం. ఎఫ్‌ఐ బండికి ఆ రిజర్వు లేదు. పైగా ట్యాంకులోని పంపును చల్లబరిచేది అందులోని పెట్రోలే. ఎప్పుడూ అడుగంటా నడిపితే పంపు తొందరగా పోతుంది, పంపు పోతే ఖర్చు వేలల్లో. యాభైకి, వందకి కొట్టించే అలవాటు మానుకుని పావు ట్యాంకు తగ్గకుండా చూసుకోవాలి. అలాగే ఎయిర్ ఫిల్టర్ గాలి కొట్టి మళ్ళీ పెట్టేసే రకం కాకపోవచ్చు. నూనె పట్టించిన కాగితం ఫిల్టరయితే కొట్టకూడదు, మార్చాలి. గాజువాక, సింధియా వైపు దుమ్ములో తిరిగేవాళ్ళు పుస్తకంలో చెప్పిన దానికన్నా ముందే మార్చాలి.

ఆయిల్, చెయిన్, బ్రేక్ షూలు రెంటికీ ఒకటే. నేను మూడు వేల కిలోమీటర్లకు ఆయిల్ మారుస్తాను. చెయిన్ మధ్యలో వేలితో నొక్కితే అంగుళం ఆడాలి, అంతకు మించితే బిగించాలి. బ్రేకుల్లో ఒక్క తేడా ఉంది. 2019 ఏప్రిల్ నుంచి చిన్న బళ్ళకు సీబీఎస్ తప్పనిసరి చేశారు, వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. వానలో ఎన్ఏడీ ఫ్లైఓవర్ దిగేటప్పుడు తమ్ముడి బండి నిలబడినట్టు నాది నిలబడదు. కొత్త బండి మీదకు నా మనసు లాగేది మైలేజీ చూసి కాదు, ఇది చూసి.

ఇంక ఉప్పు గాలి. హైదరాబాదు వాళ్ళ సలహా మనకు సరిపోనిది ఇక్కడే. అక్కడ బండి కిలోమీటర్లతో ముసలిదవుతుంది, ఇక్కడ బీచ్ రోడ్డు పక్కన నిలబెట్టిన చోటే అవుతుంది. లాసన్స్ బే, పెదజాలారిపేట వైపు బళ్ళు చూడండి, ఇంజిన్ మెత్తగా తిరుగుతుంటుంది, సైలెన్సర్ అడుగు మాత్రం జల్లెడ. తుప్పు ముందుగా పట్టేది మనకు కనిపించని చోట: బ్యాటరీ పెట్టె కింద, స్టాండు అతుకు దగ్గర, ట్యాంకు అడుగు అంచున, వెనక మడ్‌గార్డు లోపల. ఈ తుప్పుకు కార్బొరేటరు, ఎఫ్‌ఐ తేడా తెలియదు. కాకపోతే ఎఫ్‌ఐలో వైరు సాకెట్లు ఎక్కువ కాబట్టి, చిలుము పట్టడానికి చోట్లూ ఎక్కువ.

నేను చేసేది చెప్తాను. వారానికి ఒకసారి, బీచ్ రోడ్డులో తడిసిన రోజున వెంటనే, మామూలు మంచినీళ్ళతో బండి అడుగు కడుగుతాను. ప్రెషరు కాదు, పైపు నీళ్ళు చాలు. కడిగాక పది నిమిషాలు నడిపి ఆరనిస్తాను. తడిమీద కవరు కప్పితే ఉప్పు, తేమ రెండూ లోపలే ఉండి ఇంకా చెడుపు చేస్తాయి, కవరు లేకపోయినా నీడలో నిలిపితే మేలు. బ్యాటరీ టెర్మినళ్ళకు వ్యాజిలిన్ రాస్తాను. వాటర్ సర్వీసింగులో బండి అంతా డీజిల్ కొట్టమని అడిగేవాళ్ళున్నారు. మెరుపు రెండు రోజులే, రబ్బరు పాడవుతుంది, బ్రేక్ డ్రమ్ములో పడితే ప్రమాదం. వద్దనండి.

ఇవన్నీ చూసుకున్నాక నా లెక్క ఇదీ. రోజూ నలభై, యాభై కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాళ్ళకు, రాత్రి షిఫ్టులో వచ్చేవాళ్ళకు, బండి మీద ఇంట్లో ఇంకొకరు కూడా వెళ్ళేటప్పుడు, ఎఫ్‌ఐ, సీబీఎస్ ఉన్న బండే మేలు. దగ్గరలో ఎఫ్‌ఐ లోపాలు చదివే స్కానర్ ఉన్న మెకానిక్ ఉన్నాడో లేదో కొనే ముందే కనుక్కోండి. రోజుకు పది, పదిహేను కిలోమీటర్లు ఊళ్ళోనే తిరుగుతూ, ఫ్రేము గట్టిగా ఉన్న పాత బండి చేతిలో ఉంటే దాన్ని అమ్మకండి. అమ్మితే వచ్చే డబ్బుకు అంత నమ్మకమైన బండి ఇంకొకటి రాదు. ఫ్రేము మెత్తబడితే మాత్రం ఇంజిన్ ఎంత బాగున్నా దాని మీద బోరు పని, క్లచ్ ప్లేట్లు అంటూ ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు.

నా బండికి ఆ నాలుగో చోట తుప్పు పై పొరలోనే ఉంది. ఉప్పుకాగితంతో లోహం తేలేదాకా రుద్ది, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేసి, పైన నల్ల పెయింటు కొట్టాం. 2027లో పదిహేనేళ్ళు నిండుతాయి, రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళకు పొడిగించాలంటే ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్ళాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. దానికి ముందు మళ్ళీ సీటు విప్పించి అదే చోట కొట్టించి చూస్తాను. ఖంగుమంటే డబ్బు కడతాను. పెచ్చులు రాలితే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని షోరూముకి వెళ్తాను.